అసలు బూరుగు దూది కోసం నర్సీపట్నం దాకా

పోయిన వేసవి చివర్లో మా గుడివాడ వీధిలోకి ఒక ఆటో వచ్చింది. మైకులో ఒకటే మాట: "నర్సీపట్నం ఏజెన్సీ బూరుగు దూది, స్వచ్ఛమైన బూరుగు దూది దిండ్లు." అప్పటికి వారం ముందే మా భ్రమరాంబ వదినకి స్పాంజి దిండు మానేసి పల్చటి బూరుగు దూది దిండు వేసుకోమని డాక్టరు చెప్పాడు, మెడనొప్పికి. వదిన మా ఆయనకి అక్క. భర్త పోయాక మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక్కతే ఉంటోంది. నేనే బేరమాడి ఆవిడకి రెండు దిండ్లు కొనిపెట్టాను. దసరా నాటికి అవి గడ్డలు కట్టాయి. కుట్లు విప్పి చూస్తే పైన గుప్పెడు దూది, లోపలంతా దర్జీ దుకాణాల పేలికలు, పొడి చేసిన స్పాంజి.

వదిన నవ్వి ఊరుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ముప్పయ్యేళ్ళు రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగా దస్తావేజులు చూసినదాన్ని. దొంగ సంతకాలు, లేని సాక్షులు, చచ్చిపోయిన మనిషి వేలిముద్రలు పట్టుకున్నదాన్ని. నా గుమ్మంలో నించుని ఒకడు నాకే పేలికలు అమ్మి వెళ్ళాడు.

ఆ కోపంలోనే దిండు సంగతి కనపడిన పెద్దవాళ్ళనల్లా అడగడం మొదలుపెట్టాను. ఒకప్పుడు ఇంటికి రెండో మూడో దిండ్లు ఉండేవట. అల్లుడికి ఒకటి, బాలింతకి ఒకటి, జబ్బు మనిషికి ఒకటి. మిగతావాళ్ళకి మోచెయ్యే దిండు. పసిపిల్లల తల గుండ్రంగా రావాలని ఆవాలు పోసి చిన్న దిండు కుట్టేవారు. కలిగినవాళ్ళ ఇళ్ళలో ఆనుకుని కూర్చోవడానికి బాలీసులు ఉండేవి. లేనివాళ్ళు గోనెసంచిలో గడ్డి కూరి పడుకునేవాళ్ళు. ఏడాదికోసారి దూది ఏకేవాడు పెద్ద విల్లు భుజాన వేసుకుని వచ్చేవాడు. ఆ నారి మోత వినపడగానే వీధిలో దిండ్లన్నీ అరుగుల మీదికి చేరేవి. ఇదంతా ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. మంచి దూది ఎక్కణ్ణుంచి వచ్చేదని అడిగితే మాత్రం అందరూ ఒకే మాట చెప్పారు: "ఏజెన్సీ నుంచి." అంటే నర్సీపట్నం అవతలి కొండల నుంచి.

ఏప్రిల్లో బూరుగు కాయలు పండుతాయని తెలుసుకుని, వదినని వెంటపెట్టుకుని బయల్దేరాను. ఈసారి చెట్టు మీద కాయ దగ్గర్నుంచి కుట్టు పడేదాకా నా కళ్ళతో చూడాలని పట్టుదల.

తుని నుంచి బస్సు

తునిలో రైలు దిగి నర్సీపట్నం బస్సెక్కాం. ఎండకి కిటికీ చువ్వలు పట్టుకోలేకపోయాం. దారిపొడుగునా జీడితోటలు. మా వైపు జీడిపప్పు పాయసంలో చూడ్డమే గానీ, కింద వేలాడే గింజతో సహా పండు చూడ్డం నాకిదే మొదలు. నర్సీపట్నం బస్టాండులో ఒకామె ఆ పళ్ళు తట్టలో పోసి అమ్ముతోంది. గింజలు తీసేసినవి, పచ్చవీ ఎర్రవీ, పది రూపాయలకి గుప్పెడు. ఉప్పు పొట్లం ఊరికే ఇచ్చింది.

"రసం సీర మీద పడనీకండమ్మా. మరక పోదు" అంది.

పండు రసానికి మరకేమిటి, అమ్మేవాళ్ళ కబుర్లు అనుకున్నాను. రెండో పండు కొరికేసరికి కారి కుచ్చిళ్ళ మీద పడింది. గొంతులో ఒక రకం వగరు పట్టుకుని గంటసేపు వదల్లేదు. ఆ చీర ఇంటికొచ్చాక మూడుసార్లు ఉతికించాను. మరక అలాగే ఉంది. ఆ ఊళ్ళో నేను నమ్మని మొదటి మనిషి ఆవిడ. ఆవిడ చెప్పింది నిజం.

లాడ్జిలో గది తీసుకుని తలుపు వేయగానే నేను చేసిన మొదటి పని మంచం మీది దిండు గలేబు విప్పి ముక్కు దగ్గర పెట్టుకోవడం. నలిగిన ఫైబరు, పాత కొబ్బరినూనె వాసన. మేనేజరుని పిలిచి, ఇక్కడే ఇంత బూరుగు దూది దొరుకుతుంటే లాడ్జిలో ఇవేమిటని అడిగాను.

"లాడ్జీలో బూరుగు తలగడ పెడితే తెల్లారీసరికి తలగడా ఉండదు, పడుకున్నోడూ ఉండడండి" అన్నాడు అతను తాపీగా.

మేం దిండు అంటాం, వాళ్ళు తలగడ అంటారు. మా వైపు తలగడ అంటే పుస్తకాల మాటలా ఉంటుంది. అక్కడ టీ కొట్టు దగ్గర కూడా అదే మాట.

నూకరాజు దుకాణం

మర్నాడు ఉదయం ఇడ్లీ, బొంబాయి చట్నీ తిని దుకాణాలు వెతుక్కుంటూ వెళ్ళాం. పరుపుల దుకాణాలు చాలా ఉన్నాయి గానీ అన్నీ అట్టపెట్టెల్లో వచ్చిన కంపెనీ సరుకే. చివరికి ఒక సందులో, ముందు దుకాణం వెనక ఇల్లు ఉన్న చోట, గోడకి చేరేసిన తెల్ల బస్తాలు కనిపించాయి. నలభై అయిదేళ్ళ మనిషి, జుట్టు నిండా దూది, బస్తా సూదితో పరుపు కుడుతున్నాడు. పేరు నూకరాజు.

"ఏటి కావాలండి?"

"బూరుగు దూది దిండు. పల్చగా ఉండాలి."

"ఉన్నాయండి. రెండు రకాలు. ఇది కలిపింది, అది సొచ్చమైంది. కలిపింది సవక."

"కలిపింది అంటే?"

"సగం బూరుగు, సగం మామూలు పత్తి. అబద్దం ఎందుకండి. కొనీవోల్లు సవక అడుగుతారు, మేం సేత్తాం."

తన నోటితో తనే కలుపుతానని చెప్పిన మనిషిని నమ్మాలి నిజానికి. నాకు నమ్మకం కలగలేదు. సగం ఒప్పుకునేవాడు మిగతా సగం దాచుకుంటాడని నా ఉద్యోగంలో చాలాసార్లు చూశాను. పైగా మాట్లాడినంతసేపూ అతను కళ్ళు దించుకునే ఉన్నాడు.

"కుట్టు విప్పి చూడొచ్చా?" అన్నాను.

"విప్పితే కొనాలండి."

"కొన్నాక విప్పి చూస్తే నాకేం లాభం?"

అతను సూది ఆపాడు. తల ఎత్తకుండానే మా ఇద్దరినీ, నా చేతిలో నోటుబుక్కునీ చూశాడు. "మీరు ఏ ఆపీసండి? టేక్సోల్లా?"

"ఆఫీసు కాదు. గుడివాడ నుంచి వచ్చాం."

"గుడివాడ నుంచి తలగడకొచ్చినారా?" అని, లోపలికి చూసి కొంచెం గొంతు పెంచి, "వరాలూ, ఇలగ రా" అన్నాడు. ఒక మనిషి గుమ్మంలోకి వచ్చి చేతులు కట్టుకుని నించుంది. వరహాలమ్మ, అతని భార్య. నోటుబుక్కు వంకే చూసింది.

ఫోనులో మా పాత దిండు ఫొటో చూపించాను. నూకరాజు రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసి, "ఇది మా ఊరిది కాదండి. ఊరు పేరొక్కటే మాది" అన్నాడు. ఎవరిని అడిగినా అదే మాట చెబుతారు కదా అనుకున్నాను.

గోడ మీద ఒక దూది ఏకే విల్లు వేలాడుతోంది, నారి లేకుండా. అతని తండ్రిదట. ఇప్పుడు పత్తికైతే వెనక గదిలో మోటారు మిషను ఉంది. బూరుగు దూది మిషనులో వేస్తే పొడైపోతుందని, దాన్ని ఇప్పటికీ కర్రలతోనే కొడతామని చెప్పాడు. చెట్టు దగ్గర్నుంచి చూడాలని ఉందని నేనంటే గోడ పక్క బస్తాలు లెక్కపెట్టుకున్నాడు.

"రేపు కొండకెల్తన్నాను. కొయ్యూరు అవతల. ఆరు బత్తాలు తేవాలి. వొత్తే రండి, సూసుకోండి. పొద్దున్నే బేగి రావాల."

అంత సులువుగా రమ్మనేసరికి నాకు కొత్త అనుమానం పట్టుకుంది. ముక్కూమొహం తెలియని ఇద్దరు ఆడవాళ్ళని కొండల్లోకి ఎందుకు తీసుకెళ్తాడు? వదిన మాత్రం, "మనమే కదా సుగుణా అడిగింది" అంది. అతని సరుకు ఆటో నంబరు ఫొటో తీసి మా ఆయనకి పంపాను. లాడ్జి మేనేజరుకి అతని పేరు రాసిచ్చాను. అప్పుడు గానీ నాకు స్థిమితం కలగలేదు.

కొయ్యూరు వైపు

గొలుగొండ దాకా చెరకు తోటలు, కోతలైన వరి మడులు. అక్కణ్ణుంచి కొండలు దగ్గరపడ్డాయి, గాలి మారింది. నూకరాజు ముందు కూర్చుని నడుపుతున్నాడు, మేమిద్దరం వెనక ఖాళీ బస్తాల మీద. అతను దారిలో ఎవరికో రెండుసార్లు ఫోను చేశాడు. రెండుసార్లూ నేను చెవులు రిక్కించి విన్నాను. మొదటిది ఉప్పు పాకెట్ల గురించి, రెండోది కాయలు ఎండాయా లేదా అని.

కొయ్యూరు దాటాక తారు రోడ్డు వదిలి కొంత దూరం వెళ్తే పదిహేను ఇళ్ళ ఊరు. మొదటి ఇంటి ముందు ఒక ముసలావిడ తడికె మీద కాయలు ఆరబోసి, దూది ఎగిరిపోకుండా పైన పాత వల పరిచింది. పేరు సన్నెమ్మ. మమ్మల్ని చూడగానే నూకరాజుని అడిగింది, మమ్మల్ని కాదు.

"ఎవులు ఈల్లు? బూమి కొలతలకొచ్చినారేటి?"

"కాదు పెద్దమ్మా. తలగడ సూడ్డానికి వొచ్చినారు."

"తలగడ సూడ్డానికి కొండకెందుకు?" అని ఆవిడ నా కాళ్ళ దగ్గర్నుంచి తల దాకా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. నా కౌంటరు ముందు నిలబడినవాళ్ళని నేను అలాగే చూసేదాన్ని.

ఇంటి వెనక బూరుగు చెట్టు. మొద్దు నిండా బలిసిన ముళ్ళు, కాబట్టి ఎక్కడానికి లేదు. సన్నెమ్మ కొడుకు పొడుగాటి దోటితో కాయలు లాగి కోస్తున్నాడు. పగలకముందే కోయాలి, పగిలితే గాలి పాలే. ఎండకి వల కింద కాయలు చిన్న చప్పుడు చేస్తూ నెర్రెలిస్తున్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని విప్పాను. లోపల పట్టులాంటి దూది, నల్లటి గింజలు. అరచేతిలో పెట్టుకుంటే బరువే లేదు, కాసేపటికి వెచ్చదనం మాత్రం తెలిసింది. అంత కోపంతో వెళ్ళిన నేను కూడా కొంతసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

ఆడవాళ్ళు నలుగురు కర్రలతో కొట్టి గింజలు విడదీసి దూదిని బస్తాలకి ఎక్కిస్తుంటే, నేను ప్రతి బస్తా పక్కనా నించున్నాను. నిండాక మూతి కట్టకముందు మోచేతి పైదాకా చెయ్యి దించి అడుగున తడిమి చూశాను. ఆరు బస్తాలూ అలాగే చూశాను.

"పామేటైనా ఉన్నాదేటమ్మా?" అని సన్నెమ్మ అడిగింది. ఆడవాళ్ళు నవ్వారు. నూకరాజు నవ్వలేదు, పక్కకి తిరిగి తాడు పేనుకుంటూ ఉన్నాడు.

తూకం దగ్గర నాకు ఇంకో సందేహం. కొండవాళ్ళని తూకంలో మోసం చేస్తున్నాడేమో. నా సంచిలోంచి లీటరు నీళ్ళ సీసా, మూత తియ్యనిది, తీసి అతని కాటాకి తగిలించాను. ముల్లు కిలో దాటి కొద్దిగా ఆగింది, సరిగ్గానే ఉంది. తలెత్తేసరికి సన్నెమ్మ చేతిలో ఒక నున్నటి రాయి ఉంది.

"మేవూ సూత్తాం. ఈ రాయి ఎంతుంటాదో మాకు తెలుసు. ఆడు వొచ్చిన ప్రతీసారీ ముందు ఇదే తూత్తాం" అంది, నూకరాజు వినేలాగే. అతను ఆ రాయిని కూడా తగిలించి చూపించాడు. ఎవరికీ కోపం రాలేదు.

మధ్యాహ్నం చోడి అంబలి పోసింది సన్నెమ్మ. మేం రాగులు అనేదాన్ని అక్కడ చోళ్ళంటారు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకోడానికి. నీళ్ళు ఎలాంటివోనని నేను గ్లాసు పట్టుకుని ఆలోచిస్తుంటే వదిన రెండో గ్లాసు పోయించుకుంది. ఆ అంబలి తాగుతూనే ఆవిడని అడిగాను, మీ చిన్నప్పుడు తలకింద ఏం పెట్టుకునేవారని.

"ఏటీ నేదు. సెయ్యి. మొగోల్లయితే కర్ర మొద్దు. మా తాత ఈ దూదిని తలకింద పెట్టుకోనేదు, నిప్పుకి దాసినాడు. ఎదురుబొంగులో కుక్కి నడుముకి కట్టుకునీవోడు. సెకుముకి రాయి కొడితే ఇట్టే అంటుకుంటాది."

"మరి మెత్తగా ఉంటుందని తెలిసి కూడా తలకింద పెట్టుకోలేదా?"

"మెత్తగుంటే నిద్దర ఎక్కువైపోద్ది. పంట కాడ కాపలా పడుకున్నోడికి నిద్దరెక్కువైతే పందులు తినీవా?" అని నావైపు వంగి, నోటుబుక్కు చూపించి, "అందులో మా పేర్లు రాయకు. దూది సంగతి రాసుకో" అంది. ఆవిడ అసలు పేరు నేను ఇక్కడ రాయలేదు. సన్నెమ్మ నేను పెట్టిన పేరు.

చెక్ పోస్టు

దిగేటప్పుడు మేమిద్దరం బస్తాల మధ్యే కూర్చున్నాం. మైదానంలోకి వచ్చే చోట చెక్ పోస్టు ఉంది. కొండల మీంచి గంజాయి దిగుతుందని ఆ దారిలో వచ్చే ప్రతి బండినీ చూస్తారు. వెళ్ళేటప్పుడు చెయ్యి ఊపి వదిలేశారు. వచ్చేటప్పుడు ఆపారు.

పొరుగూరి ఆడవాళ్ళు ఇద్దరు, తెల్ల బస్తాలు ఆరు. ఎవరికైనా అనుమానం వస్తుంది. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ ఆపేదాన్నే. కుర్ర ఎస్సై మర్యాదగానే దిగమన్నాడు. నూకరాజుని ఒక వైపు, మమ్మల్ని ఒక వైపు నిలబెట్టారు.

"అమ్మా, ఈయన మీకేమవుతాడు?"

"ఏమీ కాడు" అన్నాను.

"ఎంతకాలంగా తెలుసు?"

"నిన్ననే చూశాం."

"ఏం వ్యాపారం చేస్తాడు?"

"దిండ్ల దుకాణం అని చెప్పాడు. అసలేం చేస్తాడో మాకు తెలియదు."

ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ మాటలు నా నోట్లోంచి వస్తున్నప్పుడే నూకరాజు తలెత్తి నన్ను చూశాడు. రెండు రోజుల్లో అతను నా మొహంలోకి చూడడం అదే మొదటిసారి.

కానిస్టేబుల్ మొదటి బస్తాని కత్తితో నిలువునా కోశాడు. మధ్యాహ్నం గాలి జోరుగా ఉంది. దూది ఒక్కసారిగా లేచింది. రోడ్డు మీద, తుమ్మ కంప మీద, కానిస్టేబుల్ టోపీ మీద, మీసాల మీద. రెండోది కోశారు. నూకరాజు కాదనలేదు, అడ్డం రాలేదు. పరిగెత్తుకెళ్ళి కోసిన చోట రెండు చేతులూ అడ్డం పెట్టి నించున్నాడు, వేళ్ళ సందుల్లోంచి పోతున్నా సరే. మూడో బస్తా కిందికి దించారు.

వదిన నా మోచెయ్యి పట్టుకుంది. "సుగుణా, పొద్దున్నుంచీ ఆ బస్తాల్లో చెయ్యి పెట్టింది ఎవరు? నువ్వే కదా. ఆ ముక్క వాళ్ళతో చెప్పు."

నేను వెంటనే కదల్లేదు. ఉన్నదున్నట్టు చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతాను. మేం అంబలి తాగేటప్పుడు నూకరాజు బస్తాల్లో ఏమన్నా పెట్టాడేమో అని అప్పుడు కూడా ఆలోచించాను. గ్లాసు పట్టుకుని ఎటు తిరిగి కూర్చున్నానో గుర్తు చేసుకున్నాను. బస్తాలకి ఎదురుగానే కూర్చున్నాను. తర్వాత ఆటోలో కూడా వాటి మీదే చెయ్యి వేసుకుని వచ్చాను. ఆరు బస్తాల్లో ఏముందో లోకంలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. నేను ఇదంతా ఆలోచించే లోపల మూడో బస్తా కూడా కోశారు.

అప్పుడు ఎస్సై దగ్గరికి వెళ్ళాను. "ఈయన సంగతి నాకు తెలియదన్నాను, అది నిజం. బస్తాల సంగతి నాకు తెలుసు. ఆరూ నా కళ్ళముందే నింపారు. ఒక్కొక్కదాంట్లో అడుగుదాకా చెయ్యి పెట్టి చూశాను. ఈయన్ని నమ్మక చూశాను. అందులో దూది తప్ప ఏమీ లేదు."

ఆయన పుస్తకం ముందుకి జరిపి, "రాసి సంతకం పెడతారా?" అన్నాడు.

పెడతానన్నాను. వాళ్ళ పుస్తకంలో నా పేరు, ఊరు, ఫోను నంబరు రాసి, కింద సంతకం పెట్టాను. మిగతా మూడు బస్తాల్ని కోయకుండా ఇనుప చువ్వతో పొడిచి చూసి వదిలేశారు. కానిస్టేబుల్ మీసాల మీది దూది దులుపుకుని, కోసిన బస్తాలు కట్టుకోడానికి తాడు కూడా ఇచ్చాడు.

వదిన తన శాలువా పరిచింది. ముగ్గురం రోడ్డు పక్కన వంగి, దొరికినంత దూది ఏరుకున్నాం. పట్టుకోబోతే మన చెయ్యి గాలికే అది పక్కకి పోతుంది. గంట సేపు ఏరితే బస్తాలో మూడో వంతు కూడా కాలేదు. అందులో ఇసుక, తుమ్మ ముళ్ళు.

ఆటోలో గొలుగొండ దగ్గర పడ్డాక నేనే అన్నాను, "నేను ముందే చెప్పి ఉండాల్సింది."

"మీరు అబద్దం ఆడనేదు కదండి" అన్నాడు నూకరాజు, రోడ్డు వైపే చూస్తూ.

తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

వరహాలమ్మ

వరహాలమ్మ బస్తాలు చూసింది, భర్తని చూసింది, తర్వాత మమ్మల్ని చూసింది.

"ఇన్నేల్లలో ఒక్కసారి బత్తా కొయ్యనేదు. ఈల్లు వొచ్చిన రోజే కోసినారు."

"ఆవిడే మాటాడి ఒగ్గించింది వరాలూ" అన్నాడు నూకరాజు.

"ఒగ్గించినోల్లే పట్టించినారేమో, నీకేటి తెలుసు? పుస్తకంలో రాసుకుంటా తిరగతాది. పోన్లో మన ఆటో నంబరు ఫొటో తీసింది. నాను సూడనేదనుకున్నాది."

ఫొటో తీసిన మాట నిజం. నేను పట్టించలేదని రుజువు చేయడానికి నా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు. ఎన్నో ఏళ్ళు ఎదుటివాళ్ళని రుజువులు అడిగిన నేను, ఆ గుమ్మంలో నించుని నోటుబుక్కు సంచిలో పెట్టేశాను.

ఆ రాత్రి రైలుకి టిక్కెట్లు ఉన్నాయి. అవి వదులుకుని ఇంకో రెండు రోజులు ఉండిపోయాం. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, ఇసుక పట్టిన దూది బాగుచేస్తామని చెప్పాం. నూకరాజు వద్దన్నాడు. వరహాలమ్మ మాత్రం దోమతెర కట్టి, "రండి" అంది. దూది బయటికి ఎగరకుండా ఆ తెరలోపల కూర్చుని పని చెయ్యాలి. ముళ్ళు ఏరడం, సన్న కర్రలతో కొట్టడం, ఇసుక రాలగొట్టడం. అరగంటకే నాకు తుమ్ములు పట్టుకున్నాయి. కళ్ళు మండి నీళ్ళు కారాయి. గుడ్డ కట్టుకున్నా నాలుక మీదికి నూగు వచ్చింది. మొదటి రోజంతా వరహాలమ్మ పనికి సంబంధించిన మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం నా చేతిలోంచి కర్ర తీసుకుని, "అలగ గట్టిగా కాదు, పొడైపోద్ది" అని కొట్టి చూపించి తిరిగి ఇచ్చింది.

రెండో రోజు పెసరట్లు పెట్టింది. తిన్నాక, వదినకి కావలసిన పల్చటి తలగడ తన చేత్తోనే నింపింది. మూతి కుట్టకముందు నా ముందుకి తోసి, "సెయ్యి పెట్టి సూసుకోండి" అంది.

"అక్కర్లేదమ్మా" అన్నాను.

"అక్కర్నేదని ఎల్లిపోయి, ఇంటికాడ విప్పుకుని సూసి, ఊల్లో మా పేరు సెడగొడితే? ఇక్కడే సూడండి. నా ఎదట."

చెయ్యి పెట్టి అడుగుదాకా చూశాను. దూదే. ఆవిడ మూతి కుట్టింది. దారం కొరికి, సూది దారపు ఉండలో గుచ్చి, అప్పుడు అడిగింది.

"ఇప్పుడు మీ పుస్తకం సదవండి. మా గురించి ఏటి రాసుకున్నారో ఇంటాను."

నోటుబుక్కు తీశాను. నూకరాజు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆవాల దిండు, బాలీసులు, ఏకే విల్లు గురించి చదివితే ఇద్దరూ విన్నారు. ఏకే విల్లు దగ్గర నూకరాజు, "మా నాన్న గుడివాడ కూడా ఎల్లినాడేమో" అన్నాడు. నిప్పు దూది దగ్గర వరహాలమ్మ తల ఊపింది. తర్వాత పేజీ తిప్పాను. వాళ్ళ దుకాణం చూసొచ్చిన రోజు లాడ్జిలో కూర్చుని రాసింది. దాన్ని చదవకుండా ఇంకో పేజీ తిప్పొచ్చు. ఆవిడకి ఎలా తెలుస్తుంది? కానీ వరహాలమ్మ పుస్తకం వైపు చూడ్డం లేదు, నా మొహం వైపు చూస్తోంది.

చదివాను. "'దుకాణందారు నూకరాజు. మాటలు మరీ మంచిగా ఉన్నాయి. ఒక్కసారి కూడా కళ్ళలోకి చూసి మాట్లాడలేదు. ఈ మనిషి ఏదో దాస్తున్నాడు. నమ్మడానికి లేదు.'"

వదిన చీర చెంగు సర్దుకుంది. నూకరాజు కింద పడ్డ దారం ముక్క ఏరుకున్నాడు.

వరహాలమ్మ మొగుడి వంక చూసింది. పెదాలు బిగించుకుంది. ఆ తర్వాత నవ్వు ఆగలేదు ఆవిడకి.

"పెల్లిసూపులప్పుడు నాకూ అలాగే అనిపించినాది. తల ఎత్తడు, కల్లలోకి సూడడు. ఏదో దాసినాడు, ఈ సమ్మందం వొద్దని మా అమ్మతో సెప్పినాను. తరవాత తెలిసినాది. సిన్నప్పట్నించీ దూదిలోనే ఉన్నాడు కదండి, నూగు పడి పడి కల్లు మండతాయి. ఎలుతురు సూడలేడు. అందుకు దించుకుంటాడు." నా మొహం చూసి, "మీ కల్లు రెండు రోజులకే ఎలగయిపోనాయో అద్దంలో సూసుకోండి" అంది.

నూకరాజు కూడా నవ్వాడు, నేలవైపు చూస్తూనే. నేను కలం తీసి ఆ వాక్యాల మీద గీత గియ్యబోయాను.

"కొట్టీకండి" అంది వరహాలమ్మ. "అలాగే ఉంచండి. దాని కింద నాను సెప్పింది కూడా రాయండి."

అక్కడే కూర్చుని, ఆవిడ చూస్తుండగా రాశాను. రాసింది ఒకసారి చదవమంది. చదివాను. "ఆఁ, ఇప్పుడు సరిపోనాది" అని లేచి, తలగడని పాత చీరముక్కలో చుట్టి వదిన ఒళ్ళో పెట్టింది.